ఏడేసి మాటలు, ఆరు అడుగులు

నా చిన్నప్పుడు, ఒక వానాకాలం నాట్ల రోజుల్లో, మా అమ్మ వంగి ఉంటేనే ప్రార్థన చెప్పగలిగేది. నిటారుగా నిలబడితే మూడు మాటలు దాటేది కాదు. దానికి కారణం నేనే. ఆ సంగతి మా పక్కింటి అత్తకు ఒక్కతెకే తెలుసు. ఆమె ఎవరికీ చెప్పలేదు.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. మా ఊరు ఉంగుటూరుకూ తాడేపల్లిగూడేనికీ మధ్య, ఏలూరు కాలువ గట్టు పక్కన ఉండేది. మా పేట ఊరికి పల్లపు వైపు, మొత్తం నలభై ఒక్క ఇళ్లు. నేను బడికి వెళ్లలేదు. లెక్క మాత్రం ఎవరూ నేర్పకుండానే పట్టుబడింది. ఏ ఇంటికి కొత్త తాటాకు వేశారో, పొద్దుటి నుంచి కాలువ మీద ఎన్ని పడవలు పోయాయో, ఎన్ని ఏలూరు వైపు, ఎన్ని గూడెం వైపు, అన్నీ నా దగ్గర ఉండేవి. ఒకచోట కూర్చోవడం నాకు చేతనయ్యేది కాదు. కూర్చుంటే కాళ్లు కదిలేవి, కాళ్లను ఆపితే మనసు పరుగెత్తేది. ఏదో ఒకటి లెక్కపెడుతున్నంత సేపే నాకు కాస్త నెమ్మది. నాన్న సరుకు పడవలు లాగే పనికి పోయి నెలకో రెండు నెలలకో వచ్చేవాడు కనుక, ఇంట్లో అమ్మా నేనే. నాకన్నా చిన్నవాడు తమ్ముడు ఒకడుండేవాడు. నాకు ఆరేళ్లప్పుడు, వాడు ఏడాదిన్నర వయసులో నాలుగు రోజుల జ్వరంతో పోయాడు.

వాడు పోయాక అమ్మ మాట్లాడడం మానేసింది. ఓదార్చడానికి వచ్చినవాళ్లు చాలామందే. వాళ్లు మాట్లాడుతుంటే అమ్మ గోడవైపు తిరిగి పడుకునేది. పక్కింటి అత్త మాత్రం వచ్చి ఏమీ అనేది కాదు. పొయ్యి ముట్టించేది, నాకు తల దువ్వేది, కుండలో నీళ్లు చూసి వెళ్లిపోయేది. మా అత్త కొల్లేటి ఒడ్డు పిల్ల. వాళ్ల పుట్టింటి ఊళ్లో నిలబడితే దూరంగా కొల్లేటికోట కనిపిస్తుందని చెప్పేది. మాకు రక్తసంబంధం ఏమీ లేదు. అమ్మ ఆమెను వదినా అనేది, ఆమె అమ్మను వదినా అనేది. ఎవరు ఎవరికి వదినో నేను ఎంత లెక్కవేసినా తేలలేదు.

పదకొండో రోజున అత్త వచ్చి, అమ్మ చెయ్యి పట్టి లేపి, నాట్లకు తీసుకెళ్లింది. అక్కడ ఆమె చేసిన పని అర్థం కావాలంటే మా నాట్ల పద్ధతి కొంచెం చెప్పాలి. ఆడవాళ్లు మడిలో వరసగా నిలబడి, ఒక్కొక్కరు తమ చెయ్యి చాపినంత వెడల్పు నేలను తమ వంతుగా పట్టుకుంటారు. దాన్ని మునుం అంటాం. ఎడమ చేతిలో నారు కట్ట, కుడి చేత్తో నాలుగేసి పోచలు కలిపి కుదురు పక్కన కుదురు గుచ్చుకుంటూ, అడ్డంగా ఒక వరస అవగానే ఒక అడుగు వెనక్కి వేస్తారు. అందరూ వెనక్కి వెళుతుంటే చెయ్యి నెమ్మదైన మనిషి ముందే ఉండిపోతుంది. ఆమెకు రెండు పక్కలా నాటిన నారు, మధ్యలో సన్నటి సందులో ఆమె ఒక్కతే. అలా సందులో పడిన మనిషిని మడి మడంతా ఎగతాళి చేస్తుంది.

ఆ రోజు అమ్మ సందులో పడిపోయింది. నాటిన కుదురు వంకే చూస్తూ నిలబడిపోయింది. అత్త తన వరస ముగించుకుని, వంగిన మనిషి వంగినట్టే, కుడి చెయ్యి అమ్మ మునుంలోకి చాపి రెండు కుదుళ్లు గుచ్చింది. మళ్లీ తన వరస, మళ్లీ అమ్మ వైపు రెండు. మాట లేదు. అలా రెండేసి, మూడేసి నాటుతూ పొద్దు వాలేసరికి అమ్మను అందరి వరసకూ తెచ్చింది. ఆ సాయంత్రం అమ్మ నోరు తెరిచి నాతో అన్న మొదటి మాట, "అత్తకి కాసిని మజ్జిగివ్వు" అని.

అత్త అప్పటికే ఆదివారాలు మా పేటలోని ప్రార్థన గుడికి వెళ్లేది. అది తాటాకుల పాక, మట్టి గోడలు, ముందువైపు ఒక బల్ల. తర్వాత అమ్మను కూడా తీసుకెళ్లడం మొదలుపెట్టింది. ఇద్దరూ ఒకే చాప మీద, గోడ పక్కన కూర్చునేవారు. పాటలప్పుడు అమ్మ పెదవులు కదిలేవి గాని గొంతు వచ్చేది కాదు. అయినా వారం తప్పేది కాదు. ఆదివారం నాట్లు మానినందుకు ఆసామి గొణిగితే, "సోమవారం రెండు ఘడియలు ముందే దిగుతాం లెండయ్యగారూ" అని అత్త సమాధానపరిచేది. ఒకసారి అమ్మ, నేను వచ్చి ఏం చేస్తున్నాను, నోరే తిరగదు కదా అన్నప్పుడు, అత్త నవ్వి, "కొల్లేట్లో ఒంటి తాటిదోనె ఎక్కి చూడొదినా, తుమ్మినా ఒరుగుద్ది. రెండు దోనెలు కలిపి కట్టామనుకో, గాలివానక్కూడా నిలబడతాయి. నువ్వు ఊరికే పక్కనుండు చాలు" అంది.

బాప్తిస్మం కావాలనుకున్నవాళ్లను పరీక్షించడానికి ఏలూరు నుంచి అయ్యగారు ఏడాదికోసారి వచ్చేవారు. వేసవిలో కాలువ కట్టేస్తారు కనుక, నీళ్లు వదిలి పడవలు తిరిగాక, శ్రావణ మాసంలో ఒక ఆదివారం వచ్చేవారు. అందరి ఎదుటా ముందుకు వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి, ప్రభువు నేర్పిన ప్రార్థన తప్పు లేకుండా చెప్పాలి. పక్కనుంచి ఎవరూ మాట అందించకూడదు. చెప్పగలిగినవాళ్లకు ఆ మధ్యాహ్నమే కాలువలో బాప్తిస్మం. చెప్పలేనివాళ్లు మరుసటి ఏడాది దాకా ఆగాలి. మా వాళ్లలో చాలామందికి అక్షరం రాదు. అన్నీ చెవితో విని నేర్చుకున్నవే.

మొదటి ఏడాది అత్త గడగడా చెప్పేసింది. అమ్మ లేచి నిలబడి, బల్ల దాకా వెళ్లి, తిరిగి వచ్చి కూర్చుంది. పేర్లు రాసుకుంటున్న అయ్యగారితో అత్త, "నా పేరు ఇప్పుడు రాయకండయ్యగారూ. మా వదిన కూడా వచ్చాక దిగుతానండీ" అంది. రెండో ఏడాది అమ్మ ముందుకు వెళ్లి ఏడ్చేసింది. అత్త మళ్లీ ఆగింది. పేటలో నవ్వుకున్నారు. అత్త వాళ్ల అత్తగారు, పళ్లూడిన ముసలావిడ, వాకిట్లో కూర్చుని వచ్చే పోయేవాళ్లందరికీ వినిపించేలా, "మా కోడలు కాపరానికొచ్చేప్పుడు కూడా తోడు పెళ్లికూతుర్ని అడగాల్సింది, మరిచిపోయింది పాపం" అనేది. అత్త ఆ మాటకు అందరికంటే గట్టిగా నవ్వేది. ఇంట్లో మా అమ్మ మాత్రం నవ్వేది కాదు. తన మూలంగా ఒక మనిషి గట్టు మీదే నిలబడిపోయిందని ఆమె బాధ.

మూడో ఏడాది ఇంకో సంగతి వచ్చిపడింది. అత్త భర్తకు ముదినేపల్లి వైపు ఒక రైతు దగ్గర పాలేరు పని కుదిరింది. నాట్లు అయిపోగానే కుటుంబంతో సహా వెళ్లిపోవాలి. ఇప్పుడు బస్సెక్కితే పూటలో చేరే దూరమే గాని, ఆ రోజుల్లో కూలి చేసుకునే ఆడదానికి అది మరో దేశంతో సమానం. ఈసారి అమ్మ చెప్పలేకపోతే ఇద్దరూ కలిసి కాలువలో దిగేది ఇక ఉండదు. ఆ మాట ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు. నేనే రోజూ వేళ్ల మీద వేసుకునేదాన్ని. అయ్యగారు రావడానికి ఇరవై రెండు రోజులు. ఇరవై ఒకటి. ఇరవై. అన్నం సయించేది కాదు. గట్టు మీద నిలబడి నారు కట్టలు విసురుతుంటే, ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారుతూనే ఉండేదాన్ని.

అలా విసురుతుండగానే ఒకరోజు చూశాను. అమ్మ చెయ్యి చాపినంత మేర, అడ్డంగా, ప్రతి వరసలోనూ ఏడే కుదుళ్లు పడుతున్నాయి. ఎనిమిది కాదు, ఆరు కాదు. అత్తకూ ఏడే. ఇద్దరిదీ ఒకే పొడుగు. ఆ మధ్యాహ్నం అత్త చేత ప్రార్థన మూడుసార్లు నెమ్మదిగా చెప్పించుకుని, మాటకొక నారుపోచ చొప్పున గట్టు మీద పేర్చాను. మొదటి వాక్యం సరిగ్గా ఏడు మాటలు! నాకు ఒళ్లు ఝల్లుమంది. మొత్తం నలభై నాలుగు. ఏడేసి చొప్పున విడగొడితే ఆరు వరసలు పోగా రెండు పోచలు మిగిలాయి. మిగిలినందుకు కొంచెం చిరాకు వేసింది గాని, ఆ రెండింటిలో చివరిది ఆమేన్ కనుక సరిపెట్టుకున్నాను. ఆరు వరసలు నాటాక నడుం ఎత్తి నిలబడి ఆ రెండూ చెప్పేస్తే సరి.

మరునాటి నుంచి అదే పని. కుదురుకొక మాట. ఏడు మాటలకు ఒక అడుగు వెనక్కి. ఆరు అడుగులయ్యాక లేచి నిలబడి చివరి రెండు మాటలు. నేను గట్టు మీద నుంచి కుదుళ్లు లెక్కపెట్టేదాన్ని. అత్త పక్క మునుంలో గొంతు కలిపేది. మూడేళ్లుగా అమ్మకు పట్టుబడనిది నాలుగు రోజుల్లో పట్టుబడింది. ఐదో రోజున అత్త గొంతు ఆపేసినా అమ్మ ఆగలేదు. మట్టినీళ్లలో చెయ్యి ముంచి తీస్తూ, మాట వెనక మాట, తడబాటు లేకుండా చెప్పుకుపోయింది. ఆ సాయంత్రం నేను పేట అంతా గెంతాను. నన్ను పట్టుకోవడం ఎవరితరమూ కాలేదు.

చిన్న తిరకాసు ఒకటి ఉంది. ఏడేసి మాటలకు నేను కోసిన కోతలు భావాన్ని చూసి కోసినవి కావు. అంకెను చూసి కోసినవి. అత్త అది పసిగట్టింది. "అమ్మాయ్, మీ అమ్మ మూడో వరస చివర అన్నం మాటెత్తి, ఓ అడుగు వెనక్కేసి, అప్పుడు గానీ పెట్టమని అడగట్లేదే! దేవుడు గిన్నె పట్టుకుని నిలబడాలేంటి అంతసేపు?" అని పొట్ట పట్టుకుని నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. తమ్ముడు పోయాక అమ్మ అంతగా నవ్వడం నేను చూసింది అప్పుడే.

శనివారం సాయంత్రం, పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాక, అత్త మా వాకిట్లో నిలబడి, "రేపటికి ఓసారి చూసుకుందాం వదినా. చేతులు కట్టుకుని నిలబడి చెప్పు" అంది. అమ్మ చేతులు కట్టుకుంది. మూడు మాటలు వచ్చాయి. నాలుగోది రాలేదు. మళ్లీ మొదలుపెట్టింది. మూడే. కట్టుకున్న చేతుల కింద కుడి వేళ్లు గిలగిల కొట్టుకుంటున్నాయి. చెయ్యి కదిపితే గాని మాట కదలదు. మడిలో వంగి నేర్చుకున్నది మడిలోనే, వంగితేనే ఉంది.

నాకు అప్పుడు తెలిసింది నేనేం చేశానో. అమ్మకు ప్రార్థన నేర్పాననుకున్నాను గాని, దాన్ని తీసుకెళ్లి పొలంలో పాతేసి వచ్చాను. ఇప్పుడు వెనక్కి చూస్తే ఇంకో సంగతి కూడా తెలుస్తోంది. మా అమ్మ తన బతుకులో ఎక్కువ భాగం ఒకరి పొలంలో వంగే ఉంది. వాళ్లు ఒసే అంటే వంగిన చోటి నుంచే ఆయ్ అని పలికేది. నిటారుగా నిలబడి నలుగురి ఎదుటా మాట్లాడమని అంతకు ముందు ఆమెను అడిగినవాళ్లు లేరు. అయ్యగారు అడుగుతున్నది అదే. అది ఆమెకు నలభై నాలుగు మాటలకంటే బరువు. తొమ్మిదేళ్ల పిల్లకు ఇవేవీ తెలియవు. నావల్లే చెడిందన్నదొక్కటే తెలుసు.

"నేను రేపు రానొదినా. నువ్వు చెప్పి, నువ్వు దిగు" అంది అమ్మ. అత్త గుమ్మంలో కూర్చుని కాలి వేళ్ల మధ్య మట్టి తీసుకుంటూ, "ఊరికే వచ్చి చాప మీద కూర్చో. అంతవరకే. ముందుకు పిలిస్తే అప్పుడు చూద్దాం" అని లేచి వెళ్లిపోయింది. నన్ను చూసి ఒక్క మాట కూడా తప్పు పట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

తెల్లారగానే నేను కాలువ రేవుకు పరుగెత్తాను. సన్నగా చినుకు పడుతోంది. గోదావరి వరద నీరు వచ్చి కాలువ ఎర్రగా ఉంది. మూడు పడవలు పోయాయి. నాలుగో దాంట్లోంచి అయ్యగారు దిగారు. నడివయసు మనిషి, చంకలో గొడుగు, చేతిలో అట్ట వేసిన నోటుబుక్కు. నేను ఎదురెళ్లి, ఊపిరి తీసుకోకుండా, "అయ్యగారండీ, ప్రార్థన వంగి చెప్పొచ్చాండీ?" అని అడిగేశాను. ఆయన నా అర్థం పట్టుకోలేదు. "ఇంట్లో మోకాళ్లూని చెప్పుకోవచ్చమ్మా. ఇవాళ మాత్రం నిలబడి చెప్పాలి. అందరికీ వినపడాలి కదా" అని మెల్లగా చెప్పి నడిచారు. నేను ఆయన వెనకే అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చాను. రేవు నుంచి గుడికి నాలుగు వందల పన్నెండు. మనసు ఊరుకోక, మళ్లీ రేవుకు వెళ్లి లెక్కపెడుతూ వస్తే నాలుగు వందల ముప్ఫై. నా లెక్కలు ఎన్నడూ అంత తేడాగా రాలేదు.

గుడి నిండిపోయింది. అమ్మ వచ్చింది. అత్త పక్కనే, గోడవైపు చాప మీద కూర్చుంది. ఆ ఏడాది పరీక్షకు నిలబడేవాళ్లు ఐదుగురు. ముందు ముగ్గురు చెప్పారు. వాళ్లలో ఒక తాత రెండు చోట్ల మాట మింగేసినా అయ్యగారు తల ఊపారు. నాలుగోది అమ్మ. పేరు పిలవగానే అమ్మ అత్త వంక చూసింది. అత్త ఆమె మోకాలి మీద చెయ్యి వేసి తీసింది. అమ్మ లేచి, బల్ల ముందుకు వెళ్లి, చేతులు కట్టుకుంది.

మూడు మాటలు వచ్చాయి. ప్రార్థనలో ఆ మూడు మాటలూ పిలుపు. అమ్మ తండ్రిని పిలిచింది. పిలిచి ఊరుకుంది.

అయ్యగారు ఓపిగ్గా, "పిలిచావుగా అమ్మా. తర్వాత?" అన్నారు. చూరు నుంచి పడుతున్న చుక్కలు వినిపిస్తున్నాయి. నేను పదిహేడు దాకా లెక్కపెట్టాను. వెనక నుంచి ఒకావిడ, "మూడో ఏడు కూడా ఇంతేనా" అంది. ఇంకెవరో కిసుక్కుమన్నారు. నాలుగో మాట నా నాలుక చివర ఉంది. అరిచేద్దామని నోరు తెరిచాను. అరిస్తే అమ్మ పేరు ఇక ఆ ఏడాది రాయరని గుర్తొచ్చి, అరచేత్తో నోరు మూసుకున్నాను. కాళ్లు మాత్రం ఆగలేదు. నిలబడిన చోటే నేల తొక్కుతున్నాను.

అప్పుడు అత్త లేచింది. చీర కొంగు నడుముకు దోపుకుంది. నాట్లకు దిగేముందు ఎలా దోపుకుంటుందో అలాగే. ముందుకు వచ్చి, అమ్మకు ఎడమ పక్కన, ఒక మునుం ఎడంగా నిలబడి, బల్లకు దణ్ణం పెడుతున్నట్టు నడుం వంచింది. ఎడమ చేతిలో కట్ట ఉన్నట్టు పట్టి, కుడి చేత్తో అలికిన మట్టి నేల మీద ఒక కుదురు గుచ్చింది. నారు లేదు, నీళ్లు లేవు. గుడంతా ఒక్కసారిగా నవ్వింది. వాళ్ల అత్తగారి గొంతు అందరికంటే పైన వినిపించింది: "ఓరి నాయనో, గుడిలో నాట్లేసేత్తంది నా కోడలు!"

అయ్యగారు నోటుబుక్కు మూసి, "అమ్మా, మాట అందించకూడదు" అన్నారు.

అత్త తల ఎత్తకుండానే, "అందించట్లేదండయ్యగారూ. నా మునుం నేను పట్టుకున్నానండీ. అంతేనండీ" అంది.

అమ్మ వంగి ఉన్న అత్త వీపు వంక చూసింది. కట్టుకున్న చేతులు విడిపోయాయి. మెల్లగా ఆమె కూడా వంగింది. కుడి చెయ్యి నేలకు తగిలింది. మొదటి మాట. రెండోది. మూడోది. నాలుగోది వచ్చింది! ఏడు మాటలయ్యాక ఇద్దరూ ఒకేసారి అడుగు వెనక్కి వేశారు. నవ్వులు ఇంకా ఆగలేదు గాని, అమ్మకు వినిపించినట్టు లేదు. రెండో వరస. మూడో వరస. వెనక చాపల మీదివాళ్లు నవ్వుతూనే కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చారు. మూడో వరస చివర అన్నం మాట ఎత్తి, అమ్మ మామూలుగానే అడుగు వెనక్కి వేసి, అప్పుడు అడిగింది. ఆ చోట ఎవరూ నవ్వలేదు. మా పేటలో ఆ మాటకు నవ్వగలిగినవాళ్లు తక్కువ.

నాలుగో వరసలో, క్షమించడం గురించి చెప్పే చోట, అమ్మ చెయ్యి ఆగిపోయింది. నాలుగు కుదుళ్లు పడ్డాయి, ఐదోది పడలేదు. అత్త తన వరస ఏడూ ముగించి, అడుగు వెనక్కి వేయకుండా ఆగింది. నోరు గట్టిగా మూసుకునే ఉంది. కుడి చెయ్యి మాత్రం పక్కకు చాచి, అమ్మ మునుంలో, ఐదో కుదురు ఉండాల్సిన చోట, ఉత్త వేళ్లు గుచ్చింది. పదకొండో రోజున పొలంలో గుచ్చినట్టే. అమ్మ ఒక్క ఊపిరి తీసుకుంది. ఐదో మాట వచ్చింది. ఆరు, ఏడు. ఇద్దరూ కలిసి అడుగు వెనక్కి వేశారు.

ఆరో అడుగుకు ఇద్దరూ గుమ్మం దగ్గరికి వచ్చేశారు. వెనక చినుకులు పడుతున్నాయి. అమ్మ నడుం ఎత్తి, నిటారుగా నిలబడి, అంత దూరం నుంచి బల్ల దగ్గరికి వినిపించేటట్టు మిగిలిన రెండు మాటలూ చెప్పింది.

అయ్యగారు మూసిన నోటుబుక్కు మళ్లీ తెరిచారు. తర్వాత, "చెప్పినదాంట్లో అర్థం తెలుస్తోందా అమ్మా?" అని అడిగారు. అమ్మ, "మడిలో చెప్పుకున్నప్పుడు తెలుస్తదండీ. అక్కడ ఒక్కదాన్నీ నిలబడితే భయం తప్ప ఇంకేం తెలవదండీ" అంది. మూడేళ్లలో ఆయనతో ఆమె మాట్లాడిన మొదటి మాటలు అవే. ఆయన నేల వంక చూస్తూ, "ఎన్ని అడుగులు వేశారు మీరు?" అన్నారు, తనలో తాను అనుకుంటున్నట్టు. అమ్మకు తెలియదు, అత్తకు తెలియదు. నేను ఆగలేకపోయాను. "ఆరండీ!" అని అరిచాను. ఈసారి అందరితో పాటు ఆయన కూడా నవ్వారు. "పొద్దున రేవులో అడిగింది నువ్వే కదూ? నాకు అర్థం కాలేదమ్మా" అన్నారు. ఐదోదిగా అత్త చెప్పాల్సి ఉంది. ఆమె నిలబడి, చేతులు కట్టుకుని, గడగడా చెప్పేసింది. ఆయన ఇద్దరి పేర్లూ ఒకదాని కింద ఒకటి రాశారు.

మధ్యాహ్నం కాలువలో ముందు ముగ్గురికీ బాప్తిస్మం అయ్యాక, అయ్యగారు అత్తను రమ్మన్నారు. ఆమె కదలలేదు. "ఆవిడ ముందండీ. రెండేళ్లు ఆగానండీ, ఇంకొక్క నిమిషం ఆగలేనాండీ" అంది. అమ్మకు నీళ్లంటే భయం. ఎర్రటి నీళ్లలో నడుం లోతు దాకా అత్త చెయ్యి పట్టుకునే వెళ్లింది. మునిగి లేచినప్పుడు ఆమె ముఖం మీద నీళ్లో కన్నీళ్లో నాకు తెలియలేదు. నేను గట్టు మీద, ఆ రోజున మొదటిసారి, ఏమీ లెక్కపెట్టకుండా నిలబడ్డాను.

నాట్లు ఇంకో తొమ్మిది రోజులకు అయిపోయాయి. పదో రోజు పొద్దున అత్త వాళ్లు సామాను రెండు మూటలు, ఒక కోళ్లగంపతో పడవెక్కారు. పడవ కదిలాక అత్త, "అమ్మాయ్, లెక్క జాగ్రత్త!" అని నాకు కేకేసింది. ఆ తర్వాత బతికినన్నాళ్లలో వాళ్లిద్దరూ కలుసుకున్నది ఐదుసార్లు. అవీ పెళ్లిళ్లకో చావులకో.

అమ్మ ఆ తర్వాత నిలబడే ప్రార్థన చెప్పేది. కాని ఆదివారం అందరూ కలిసి చెబుతుంటే నేను కింద చూసేదాన్ని. ఏడో మాట దగ్గర అమ్మ కుడి మడమ కొంచెం లేచి, మళ్లీ నేలకు ఆనేది. పద్నాలుగో మాట దగ్గర మళ్లీ. ఒకసారి అడిగితే సిగ్గుపడి, "అక్కడ మీ అత్త కూడా ఈ వేళకి చెబుతా ఉంటది కదే. ఆవిడ వెనక్కెళ్లిపోతే నేను సందులో ఉండిపోనూ?" అంది.

ఇప్పుడు నేను నడివయసు దాటుతున్నాను. అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నాను. ఏ మడికి ఎన్ని నారు కట్టలు పడతాయో, ఎంతమందిని పిలవాలో అడగడానికి రైతులే మా ఇంటికి వస్తారు. కాళ్లు ఈనాటికీ ఊరుకోవు. ఎవరైనా చెప్పలేక, చెయ్యలేక తడబడుతుంటే, జవాబు అందించేయాలని నా నాలుక ఇప్పటికీ దురద పెడుతుంది. అప్పుడు అరచేత్తో నోరు మూసుకున్నది గుర్తు చేసుకుని, పక్కకు వెళ్లి, వాళ్లు చేస్తున్న పనే నేనూ చేయడం మొదలుపెడతాను. చాలాసార్లు అది చాలుతుంది. చాలనప్పుడు, ఒక కుదురు వాళ్ల వైపు గుచ్చుతాను.

అమ్మ పోయి నాలుగేళ్లయింది. అత్త అంతకు ముందే పోయింది. ఆదివారం ప్రార్థనలో ఇప్పుడు ఏడో మాటకు లేచే మడమ నాది. ఏడేసి మాటలకు ఒకసారి, ఆరుసార్లు. చివరి రెండు మాటలకు మాత్రం కదలను. నిటారుగా నిలబడతాను.